మస్కట్ టైము కోసం అమలాపురం వెళ్ళొచ్చేం

“గంటన్నర తీసెయ్యడానికి ఏడు వేలు పోసి వాచీ ఎందుకండీ?” అన్నాను.

“తీసెయ్యాలో కలపాలో తెలిస్తే నీ చేత ఈ మాటలెందుకు పడతానే?” అన్నారు మా ఆయన.

“లెక్కపెట్టుకోడానికి వేళ్ళు లేవా?”

“నీకేం, మూడో తరగతి పాసయ్యేవు. నేను ఒకటో తరగతి గుమ్మంలోంచే రేవుకి పారిపోయేను.”

“పారిపోయిన మనిషికి వాచీ చూడ్డం మాత్రం వచ్చా?”

“రెండు టైములూ పక్కపక్కనే కనిపిస్తాయే! చూడ్డానికి కళ్ళుంటే చాలు. ఆ వాచీ లేకపోతే ఈ ఫోను నేను ముట్టుకోను. నువ్వే చేసుకో.”

ఇదీ సోమవారం సాయంత్రం సఖినేటిపల్లిలో మా అరుగు మీద జరిగిన గొడవ. మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఎవరో ఒకరు గల్ఫులో ఉన్నారు కాబట్టి, ఈ వాచీ సంగతి వాళ్ళకీ పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా అమ్మాయి పద్మ మస్కట్లో ఒకళ్ళింట్లో వంట చేస్తుంది. మేడం బయటికెళ్ళిన అరగంటే దానికి ఫోను మాట్లాడుకోడానికి వీలు. ఆవిడ ఒకరోజు ఏడుకి వెళ్తుంది, ఒకరోజు పదకొండుకి, ఇంకోరోజు మూడుకి. రేపు ఎప్పుడు చెయ్యాలో పద్మ ముందురోజే చెప్తుంది, కానీ అక్కడి టైములో చెప్తుంది. అక్కడ ఏడయితే మనకి ఎనిమిదిన్నర. అక్కణ్ణించి చేస్తే దాని జీతంలో పోతుందని ఫోను మేమే చేస్తాం. నాకు రేవులో ఇడ్లీ బండి ఉంది. గోదారి దాటించే పంటు వచ్చిందంటే జనం మీద పడతారు, ఆ ఇంజను మోతలో ఫోను వినపడదు. అందుకని ఫోను చెయ్యడం మా ఆయన పని.

ఆదివారం నాటి ఫోను ఏడుకి చెయ్యమంది పద్మ. ఈయన కలపాల్సింది పోయి గంటన్నర తీసేసి, పొద్దున్నే ఐదున్నరకి కొట్టేరు. మస్కట్లో అప్పుడు నాలుగు! ఇల్లంతా లేచి కూర్చుంది. సోమవారం నేను బండి పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చి స్వయంగా ఫోను చేస్తే పద్మ గొంతు తగ్గించి చెప్పింది. “ఇంకోసారి వేళకాని వేళ మోగితే ఫోను తీసుకుని బీరువాలో పెట్టేస్తానందమ్మా. నెలకోసారి ఇస్తుందిట.” మంగళవారం మేడం ఇంట్లోనే ఉంటుంది కాబట్టి వద్దనీ, బుధవారం ఎనిమిదికి చెయ్యమనీ చెప్పి పెట్టేసింది.

ఫోనులోనే రెండు టైములూ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. కొత్తపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా మనవరాలు, పద్మ కూతురు, సెలవులకి వచ్చినప్పుడు పెట్టి వెళ్ళింది. ఈయన వేలు ఎక్కడ తగిలిందో ఒకటి పోయింది. మిగిలింది మనదో మస్కట్‌దో తెలీక రెండ్రోజులు దాన్నే చూసుకుంటూ కూర్చున్నారు. ఆ తరవాత పంటు మీద ఎవరో ఓడలో పనిచేసే ఆయన చేతికి ఎర్రముల్లు వాచీ చూసేరు. ఏడు వేలట, రెండు దేశాల టైము చూపిస్తుందట. అప్పట్నుంచి అదే పాట.

“సరే, కళ్ళతో చూశాక మాట్లాడదాం,” అన్నాను. మంగళవారం బండి పెట్టలేదు.

ఏడింటి బస్సుకి బయల్దేరేం. గిన్నెలో పులిహోర, సీసాలో నీళ్ళు పెట్టుకున్నాను. బస్సులో కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు ఇచ్చేడు. ఆడవాళ్ళకి ఇప్పుడు ఊరికే కదా. ఈయన దగ్గర మాత్రం డబ్బులు తీసుకున్నాడు.

“ఇదేం న్యాయం బాబూ? వెళ్ళేది నా వాచీ కోసం,” అన్నారు ఈయన.

“మామ్మగార్ని ఒక్కర్నే పంపించాల్సిందండి, తాతగారూ. కలిసొచ్చేది,” అన్నాడు కండక్టరు. ముందు సీట్లో ఆడవాళ్ళు పైటలు అడ్డం పెట్టుకుని నవ్వేరు.

మలికిపురంలో జనం తోసుకుని ఎక్కేరు. రాజోలులో బస్సు పావుగంట ఆగింది. ఈయన కిటికీలోంచి కొబ్బరి బొండాల బండి కేసి చూసేరు. కోనసీమలో పుట్టి కొబ్బరి బొండం కొనుక్కు తాగడమేమిటని నేను సీసా అందించేను. మామిడికుదురు దాటి, పాశర్లపూడి దగ్గర వంతెనెక్కగానే ఈయన లేచి నిలబడి వైనతేయ పాయ కేసి చూసి, “పాటు మొదలయింది. తొమ్మిదవుతోంది,” అన్నారు. ముప్ఫయ్యేళ్ళు సరంగుగా పంటు నడిపిన మనిషి. నీళ్ళు ఎగదోసుకొస్తున్నాయో దిగిపోతున్నాయో చూసి వేళ చెప్తారు. పక్కనున్న మేష్టారు ఫోను తీసి చూసి, “తొమ్మిదింపావండి,” అన్నారు. ఆ మాత్రం తేడాకి నేనేం అనలేదు.

పది దాటేక అమలాపురంలో దిగేం. కొట్లు ఇంకా తియ్యలేదు. బస్టాండు బెంచీ మీద పులిహోర తిని, గడియార స్తంభం సెంటరు దాకా నడిచేం. ఆటో ఎక్కితే అంత దూరానికీ అడిగిందివ్వాలి. చక్కగా కాళ్ళున్నాయి.

అద్దాల కొట్టు. లోపల చల్లగా ఉంది. కొట్టాయన మర్యాదస్తుడు, కుర్చీలు వేయించేడు. ఎర్రముల్లు వాచీ ట్రేలో పెట్టి తెచ్చేడు. ఈయన ముఖం చూడాలి! పెళ్ళిచూపుల్లో కూడా అంత వెలుగు లేదు.

“ప్రపంచంలో ఏ దేశం టైమైనా చూపిస్తుందండి. ఆఫర్లో ఏడు వేల తొమ్మిదొందలండి.”

“ప్రపంచం అక్కర్లేదు బాబూ. మస్కట్ ఒక్కటీ చూపించు,” అన్నాను.

ఆయన మర తిప్పేడు. ఎర్రముల్లు టక్కుమని ఒక అంకె మీంచి ఇంకో అంకె మీదకి గెంతింది.

“ఇదిగోండి, పెట్టేశాను.”

“నీ ఫోనులో మస్కట్ టైము తియ్యి. రెండూ పక్కపక్కన పెట్టు.”

మనకి అప్పుడు పదకొండూ పది. ఫోనులో మస్కట్ తొమ్మిదీ నలభై చూపించింది. వాచీలో ఎర్రముల్లు తొమ్మిది మీద ఉంది, నిమిషాల ముల్లు మాత్రం మన పది నిమిషాల దగ్గరే ఉంది. అంటే తొమ్మిదీ పది.

“ఇది తొమ్మిదీ పది అంటోంది. అది తొమ్మిదీ నలభై అంటోంది. ఏది నిజం?”

“అరగంటే కదండీ, మామ్మగారూ.”

“ముల్లు మధ్యలో ఆపు.”

“మధ్యలో ఆగదండి. దీని మర గంటకో గెంతే గెంతుతుందండి. మన దేశం టైములో ఆ అరగంట ఉంది కదండీ, ఈ రకం వాచీలతో అదే పేచీ. అరగంట మనసులో కలుపుకోవాలండి.”

“మనసులో కలుపుకోగలిగితే మా ఆయన్ని ఇంత దూరం ఎందుకు తీసుకొస్తాను? మా అమ్మాయికి ఇచ్చిందే అరగంట బాబూ. అది దీన్లో లేదు.”

ఈయన వాచీని ఇంకా వదల్లేదు. “ఎర్రముల్లు బాగుందే,” అన్నారు మెల్లగా.

“బాగుంది. ట్రేలో పెట్టండి.”

చదివేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. ఇలాంటి వాచీ కొనేటప్పుడు కొట్లోనే మీకు కావలసిన ఊరి టైము పెట్టించి ఫోనుతో పోల్చి చూడండి. ముల్లు అరగంట దగ్గర ఆగకపోతే మనకది పనికిరాదు.

కొట్టాయన విసుక్కోకుండా రెండోది తెచ్చేడు. దీన్లో పెద్ద గడియారం, దాని పొట్టలో శనగగింజంత చిన్న గడియారం. దేని మర దానిదే, దేని ముళ్ళు వాటివే. చిన్నదాన్లో మస్కట్ పెట్టేడు. ఫోనుతో పోల్చేను, నిమిషంతో సహా సరిపోయింది. మూడు వేల ఆరొందలు. బేరమాడితే మూడుకి వచ్చేలా ఉంది. కొనేద్దామనే అనుకున్నాను.

“చూసి చెప్పండి, మస్కట్లో ఎంతయింది?” అన్నాను ఈయన్ని.

ఈయన చెయ్యి దూరం పెట్టి చూసేరు, దగ్గర పెట్టి చూసేరు, కళ్ళజోడు తీసి చూసేరు.

“లోపల చీమలు పాకుతున్నట్టుందే తప్ప ఏం కనపట్టం లేదు.”

ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్తే, రేపు ఎనిమిదికి మళ్ళీ ఈయన వేళ్ళు మడుచుకోడమే. ఆ బీరువా, ఆ తాళం నా కళ్ళ ముందు కనపడ్డాయి.

“బాబూ, తిరగేసి పెట్టు. పెద్దదాన్లో మస్కట్, చిన్నదాన్లో మనది,” అన్నాను.

పెట్టేడు. ఈయన చెయ్యి చాపి, కళ్ళజోడు లేకుండానే, “తొమ్మిదీ యాభై ఐదు!” అన్నారు. సరిగ్గా అంతే.

“మరి చిన్నదాన్లో మన టైము కనపడాలిగా?”

“దానికేసి నేను చూడనే చూడను. మన టైముకి నాకు వాచీ ఎందుకే? పోటూ పాటూ ఎక్కడికి పోయేయి? గోడ గడియారం లేదూ? ఇన్నేళ్ళూ చేతికి ఏం కట్టుకుని పంటు నడిపేననుకున్నావు?”

“అయితే ఆ చిన్నది దండగేగా?”

“దండగే,” అన్నారు ఈయన.

“దానికి మనం మూడు వేలెందుకు పొయ్యాలి?”

ఈయన నా ముఖం చూసేరు. నేను ఈయన ముఖం చూసేను. కొట్టాయన తలపట్టుకుని నవ్వడం మొదలెట్టేడు. “ఆయ్, అర్థమైందండి. మీక్కావలసింది మామూలు వాచీయేనండి. గంటన్నర వెనక్కి తిప్పేసుకుంటే అయిపోద్దండి.”

తెల్లటి పళ్ళెం, నల్లటి పెద్ద పెద్ద అంకెలు, ఒక్క గడియారం. ఎనిమిదొందల యాభై అన్నాడు. ఏడొందలకి ఇచ్చేడు, బెల్టుకి ఒక బెజ్జం కూడా ఊరికే పొడిచిపెట్టేడు. మస్కట్ టైము నా కళ్ళెదుటే పెట్టించి, మర మళ్ళీ ముట్టుకోవద్దని ఈయనకి చెప్పించేను.

బయటికి రాగానే గడియార స్తంభం కింద నిలబెట్టి అడిగేను.

“మస్కట్లో ఎంత?”

“పదీ ఇరవై.”

“ఇక్కడెంత?”

తలెత్తి స్తంభం చూసేరు. “పదకొండూ యాభై. అది మనది, ఇది పద్మది.” ఒక్క వేలూ మడవలేదు.

నేను ఎప్పుడూ చెయ్యని పని చేసేను. హోటలుకి తీసుకెళ్ళి ఇద్దరికీ కాఫీ ఇప్పించేను. ఒకటి తీసుకుని సగం సగం కాదు, ఎవరిది వాళ్ళకే.

బస్సు ఒంటిగంటకి కదలబోతుంటే ముందు సీటాయన వెనక్కి తిరిగి, “టైమెంతండీ?” అనడిగేడు. ఈయన చొక్కా చెయ్యి పైకి లాక్కుని, “పదకొండున్నరండి,” అన్నారు.

“తాతగారూ, వాచీ ఆగిపోయిందండి!”

“ఆగలేదండి. పరిగెడుతోంది. మస్కట్లో పదకొండున్నరండి.”

“మేం మస్కట్ బస్సెక్కేమా ఏంటండీ?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. బస్సు బస్సంతా గొల్లుమంది. ఈయన కూడా నవ్వేరు గానీ చెయ్యి దించలేదు.

మామిడికుదురు వెళ్ళే ఒకావిడ లేచొచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ళ కోడలు కువైట్లో ఉందిట. “మాకు రెండున్నర గంటలు తేడా అండి, పిన్నిగారూ. మా ఆయన దగ్గర రెండు టైముల వాచీ ఉందండి. ఏది ఎక్కడిదో మర్చిపోయి రెండూ కలిపి చెప్తారండి.”

“ఒక టైమే చూపించే వాచీ కొనండి. కువైట్ పెట్టి కట్టెయ్యండి. మన టైము చెప్పడానికి ఊరంతా ఉంది,” అన్నాను. ఆవిడ దిగేటప్పుడు మూడుసార్లు చెప్పి మరీ దిగింది, రేపే వెళ్ళి కొంటానని.

రాజోలు దాటేక కిటికీ పక్కన కూర్చుని ఆలోచించుకున్నాను. ఇవాళ విమానాలెక్కి దేశాలు తిరిగేవాళ్ళకీ, సూదిలో దారం ఎక్కించగల చూపున్నవాళ్ళకీ ఆ రెండు టైముల వాచీ బాగానే ఉంటుంది. కాదనను. ఉన్న ఊళ్ళోనే ఉండి దూరాన ఉన్న మనిషి కోసం వేళ చూసుకునేవాళ్ళకి అది అక్కర్లేదు. ఆ దూరపు టైము ఒక్కటి చేతికి కట్టుకుంటే చాలు. కానీ వెళ్ళబట్టే ఇది తెలిసింది. ఇంట్లో కూర్చుంటే నేను లెక్క నేర్పాలనీ, ఈయన ఎర్రముల్లు కొనాలనీ ఇంకో ఏడాది పోట్లాడుకునేవాళ్ళం. మూడున్నరకి సఖినేటిపల్లిలో దిగేం. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఈయన వాచీ తియ్యలేదు. చారు పడుతుందని చెయ్యి ఎత్తి పట్టుకుని తిన్నారు.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా ఇడ్లీలు అయిపోగొట్టి ఇంటికొచ్చేను. ఈయన అరుగు మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. గోడ గడియారంలో తొమ్మిదింపావయింది, తొమ్మిదీ ఇరవై అయింది. ఈయన దానికేసి చూడలేదు. వాచీలో ఎనిమిదయ్యేక నొక్కేరు.

రెండో రింగుకే ఎత్తింది పద్మ. “నాన్నా! ఆవిడ ఇప్పుడే గేటు దాటింది.”

పిల్ల చదువు అడిగింది, నా మోకాళ్ళు అడిగింది, కొట్లో సంగతంతా ఈయన చేత చెప్పించుకుని నవ్వింది. వాచీలో ఎనిమిదీ ఇరవై ఐదు కాగానే ఈయనే అన్నారు, “ఇంక పెట్టెయ్యమ్మా, మీ మేడం వచ్చేస్తుంది. రేపెప్పుడు?”

“పదకొండుకి, నాన్నా.”

“ఆయ్, పదకొండు,” అన్నారు.

ఫోను పెట్టేసేరు. పదకొండంటే మనకెంతని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. లోపలికెళ్ళి మర్నాటి ఇడ్లీకి మినపప్పు నానబోసేను.