పెద్దమ్మ కాళ్ళ మంటకు కారణాలు

పోయిన వారం మా పెద్దమ్మ ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచి, చదివించి, టీచరును చేసింది ఆమే. కబురు విన్నవాళ్ళంతా ఏమైందని అడిగారు. కాలి పుండు ముదిరి విషం ఒళ్ళంతా పాకిందని చెప్పాను. అది డాక్టరు రాసిచ్చిన కారణం. పోయినవాళ్ళ గురించి చల్లగా రాయాలంటారు. నాకు చేతకాదు, చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

మా పెదనాన్న జమ్మలమడుగు వైపు పల్లెలో కాస్త రేగడి పొలం చేసుకునే మనిషి. ఫ్యాక్షన్‌తో ఆయనకు సంబంధమే లేదు. ఎన్నికల రోజు బూత్‌లో ఏజెంటుగా కూర్చోడానికి ఎవరూ ముందుకు రాకపోతే, పార్టీవాళ్ళు బతిమాలితే కూర్చున్నాడు. అవతలి నాయకుడి మనుషులొచ్చి లేచిపొమ్మంటే లేవలేదు. అంతే ఆయన చేసిన తప్పు. ఇంటికొస్తుంటే రాజుపాలెం దారిలో బాంబులేసి చంపేశారు.

కేసు నడిచింది. కళ్ళారా చూసినవాళ్ళు కోర్టులో మేం చూడలేదన్నారు. కేసు కొట్టేశారు. ఆ నాయకుడు కోర్టు మెట్లు దిగుతూ పెద్దమ్మకు నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారానికి ఆమె ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ చెప్పులు అక్కడే విడిచేసి, "నువ్వు మట్టిలో కల్సేదాంకా నా కాళ్ళకు చెప్పులుండవు, పో!" అంది. మా వైపు మగవాళ్ళు పగ పడితే గడ్డం పెంచుతారు. పెద్దమ్మకు గడ్డం లేదు కాబట్టి చెప్పులు వదిలింది.

అప్పటినుంచి చేనికీ, చర్చికీ, నా బడి పండగలకీ వట్టి కాళ్ళే. చర్చిలో క్షమాపణ గురించి ప్రసంగం మొదలైతే కొంగు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూసేది. పాస్టరుగారు ఒకసారి మెత్తగా అడిగితే, "నీ ఇంట్లో ఎవుర్నీ సంపలేదు గదా అయ్యా, నువ్వు క్షమించుకో" అంది. కొన్నాళ్ళకు ఆ నాయకుడు పార్టీ మారి మావాళ్ళ పార్టీలోనే చేరాడు. రాజీ చేసుకోమని పెద్దమనుషులు ఇంటికొచ్చారు. "ఇప్పుడు అందరం ఒకే పార్టీ గదమ్మా" అన్నారు. "పార్టీ మీది. మొగుడు నావోడు" అని, వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చి మరీ పంపించింది.

తర్వాత కాళ్ళ మంట మొదలైంది. అరికాళ్ళలో మిరప్పొడి చల్లినట్టు ఉండేదట. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసేవి. పక్కింటామె గ్యాసంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడు అన్నారు ఊళ్ళోవాళ్ళు. మా చిన్నాన్న వాతమని తొండూరు నుంచి ఏదో పసరు తెచ్చాడు. పెద్దమ్మ అందరినీ చూసి నవ్వేది. "మీకేం తెల్సు? ఈ నొప్పి వాడు. వాడు పోతే ఇదీ పోతాది." ఊరు ఊరంతా అదే నమ్మింది.

చివరికి నేనే కోప్పడి ప్రొద్దుటూరులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కోస్తా మనిషి, ఓపికగా చెప్పాడు. "కాళ్ళ మంటకి కారణాలు చాలా ఉంటాయమ్మా. చక్కెర జబ్బుతో నరాలు దెబ్బతినొచ్చు. నడుములో నరం నొక్కుకోవచ్చు. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుందంటే రక్తనాళాలు పూడి ఉండొచ్చు. మీరు పొగాకు కూడా నములుతారు కదా? విటమిన్ తక్కువైనా మంట వస్తుంది, మడమ దగ్గర వాచినా నొప్పే. పరీక్ష చెయ్యకుండా చెప్పలేను."

పెద్దమ్మ అంతా శ్రద్ధగా విని, "ఇన్నిట్లో వాడు లేడే?" అంది.

"ఎవరమ్మా?" అన్నాడు డాక్టరు అయోమయంగా.

రక్తం చూస్తే చక్కెర ఎప్పుడో ముదిరిపోయింది. మాత్రలిచ్చారు. చెప్పులు లేకుండా గడప దాటొద్దన్నారు. ఆమె మాత్రలు డబ్బాలో పోసి మూత పెట్టింది. "వాడు మంచాన పడినాడంట పాపా. ఇంగెన్నాళ్ళులే" అంది.

వాడు పోయాడు. పులివెందులలో, సొంత మంచం మీద, చుట్టూ బంధుబలగంతో. ఒంటిమీద పార్టీ జెండా కప్పారట. పెద్దమ్మ తలస్నానం చేసి, చెప్పులు తెమ్మంది. మెత్తటివి చూసి తెచ్చాను. అవి వేసుకుని దర్జాగా చర్చిదాకా పోయి వచ్చి, అరుగు మీద కాళ్ళు చాపి కూర్చుంది.

"తగ్గలేదు పాపా."

మంచినీళ్ళ చెంబు తెచ్చి చేతికిచ్చాను.

"అయితే ఇది చక్కెరేనా? ఇన్నేండ్లూ వాడిదనుకుంటి గదే!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. పెదనాన్న శవం ముందు కూడా ఆమె అలా ఏడవలేదు.

మర్నాటినుంచి మాత్రలు బుద్ధిగా మింగింది. అప్పటికే కాలి చిటికెన వేలికి రాయి దిగి, స్పర్శ లేక తెలియక, వేలు నల్లబడిపోయింది. ఇక ఏ మందూ ఎక్కలేదు.

డాక్టరు చక్కెర పుండు అని రాశాడు, రాసుకోనీ. పెదనాన్నను వాడు ఒక్క పూటలో చంపాడు, పెద్దమ్మను తీరిగ్గా చంపాడు. నరకమంటూ ఉంటే అది వాడి అరికాళ్ళ దగ్గరే మొదలుపెట్టమని రోజూ ప్రార్థన చేస్తున్నాను. మీరు మాత్రం, కాళ్ళు మండుతుంటే పగలన్నీ పక్కనబెట్టి ముందు రక్తం చూపించుకోండి.

సమాధి రోజు వాడి కొడుకు వచ్చాడు. ఇప్పుడు నాయకుడు అతనే. నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మా వాకిలంతా నాపరాళ్ళు పరిచి ఉంటుంది. ప్రార్థన కాబట్టి అందరూ చెప్పులు గేటు బయటే విడిచారు, అతనూ బూట్లు విప్పాడు. ఫొటోలో బాగా పడాలని షామియానా నీడలోకి రాకుండా ముందు నిలబడ్డాడు. "ఆమె మాక్కూడా తల్లిలాంటిదే" అన్నాడు నాతో. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. కాసేపటికి అతను ఒక కాలెత్తి, అది దించి ఇంకోటి ఎత్తాడు.

"మేడం, రాళ్ళు శానా కాల్తాండాయి. నీడకు పోదామా?" అన్నాడు మెల్లగా.

"ప్రార్థనలో కదలగూడదు సార్" అన్నాను.

పాస్టరుగారు ఆమేన్ అన్నారు. అతను అమ్మయ్య అనుకుని గేటు వైపు తిరిగాడు.

"అయ్యా, పెద్దమ్మ కోసం ఒక పాట పాడదాం" అన్నాను పాస్టరుగారితో. "అన్ని చరణాలూ."