పద్నాలుగో నంబరు చీర

ఇంజనీరింగ్ పాసై ఉద్యోగం రాని రోజులుంటాయే, ఆ రోజుల్లో మనిషికి తన ఇంట్లో అన్నీ తప్పుగానే జరుగుతున్నట్టు కనబడతాయి. తెనాలిలో మా ఇంట్లో నాకలా కనబడింది అమ్మ బీరువా. నూలు చీరల మీద పట్టు, పట్టు మీద నాన్న టెరికాటన్ ప్యాంట్లు, అన్నిటికీ అడుగున ఒక పాత పంచెలో చుట్టిన మూట. ఒక్క వారంలో బట్టలన్నిటికీ నంబర్లు వేసి, లాప్‌టాప్‌లో పట్టిక గీశాను: నంబరు, బట్ట రకం, రంగు, ఉతికే విధానం, స్థితి. (నా సొంత చొక్కాలు కుర్చీ మీద కుప్పగా ఉండేవి. వాటికి నంబర్లు వేయలేదు.) ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చికి టైమవుతుంటే అమ్మ వంటింట్లోంచి, "ఒరే, నా ఆకుపచ్చ నేత చీర ఎన్నో నంబరురా?" అని అరిచేది. నేను గర్వంగా, "ఆరు" అని అరిచేవాడిని.

పంచెలో ఉన్నది పద్నాలుగు. అమ్మమ్మ బాపట్ల చర్చిలో పెళ్లికి కట్టుకున్న తెల్ల పట్టుచీర. అమ్మ పెళ్లికీ అదే. అక్క పెళ్లికీ అదేనని అక్క పుట్టినప్పుడే అనుకున్నారట. ఏటా వానలు తగ్గాక అమ్మ దాన్ని తీసి, నీడలో ఆరేసి, పాత మడత మీద పడకుండా కొత్త మడత వేసి, మళ్లీ ఆ పంచెలోనే చుట్టేది.

"ఏటా ఇలా మడత మార్చడానికి ఆధారం ఏంటమ్మా?" అన్నాను.

"మా అమ్మ చెప్పింది."

"అది ఆధారం కాదమ్మా."

"సరే, నువ్వే చెప్పు ఇంజనీరూ," అంది నవ్వుతూ. ఆ నవ్వును నేను అనుమతి కింద రాసుకున్నాను. గాలి తీసేసే ప్లాస్టిక్ కవర్లు, చేతిపంపుతో సహా, తెప్పించాను. బయట ముసురు. చీరను నాలుగు మడతలు గట్టిగా అదిమి, మడతల మధ్య ఆరు కలరా ఉండలు పెట్టి, కవరు బిగుసుకుని రేకులా అయ్యేదాకా పంపు కొట్టాను. పట్టికలో 'స్థితి: సురక్షితం' అని రాశాను. పంచెను నాలుగు ముక్కలు చేసి బైక్ తుడిచాను.

ఆ ఏడు వానలు తగ్గాక అమ్మ చీర తీయబోతే, కవరు తెరవొద్దని ఆపాను. అక్క పెళ్లి క్రిస్మస్ వెళ్లాక కుదిరింది. వారం ముందు రేపల్లె నుంచి అమ్మమ్మ వచ్చింది. చీర తీయమంది. కవరు తెరవగానే కలరా ఉండల వాసన గదంతా కొట్టింది. ముసురులో లోపల చిక్కిన తేమకి తెలుపు మీద పసుపు మరకలు దిగాయి. ఉండలు తగిలిన చోటల్లా జరీ నల్లబడింది. అక్క కొంగు భుజాన వేసుకుంది. మడత దగ్గర సర్రుమని చిరిగింది.

"ఎవరే దీన్ని సంచిలో కుక్కింది?" అంది అమ్మమ్మ.

అమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. "నేనేనమ్మా. బాగుంటుందని..."

"ఇరవై ఏళ్లు దాచి నీ చేతిలో పెడితే ఇదా నువ్వు చేసింది! పంచె ఏదే?"

పంచె ఏమైందో అమ్మకి తెలీదు. నాకు తెలుసు. అప్పటికి ఆరు ఇంటర్వ్యూల్లో గడగడా మాట్లాడి వచ్చినవాడిని, గుమ్మంలో నిలబడి, కవరు పక్కనే ఉన్న చేతిపంపును తీసి వీపు వెనక దాచుకున్నాను. "పోనీలే అమ్మమ్మా, కొత్తది కొందాం," అంది అక్క. చిరిగిన కొంగు మాత్రం చేతిలోంచి వదల్లేదు.

కొత్తచీరతోనే పెళ్లయింది. అమ్మమ్మ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. ఎవరింటికెళ్లినా, "మా అమ్మాయికి బట్ట విలువ తెలీదు," అనేది. అమ్మ పక్కనే కూర్చుని వినేది. చెబుదామని నేను రెండుసార్లు రేపల్లె బస్సెక్కాను. రెండుసార్లూ అమ్మమ్మ చేసిన చేపల పులుసు తిని వచ్చేశాను.

ఇప్పుడు నా ఉద్యోగం నాణ్యతా విభాగంలో. సరుకులో లోపం ఎక్కడొచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని రోజూ రాస్తాను. చాలా బాగా రాస్తానని పేరు. మొన్న వానలు తగ్గాక ఇంటికెళితే అమ్మ ఆ చీర తీసింది, నాన్న పంచెలోంచి. "ఆ కొస పట్టుకో," అంది.

"ఇంకా ఎందుకమ్మా దీన్ని?"

"మడత మార్చకపోతే ఇంకా చిరుగుద్దిరా."

పట్టుకున్నాను. ఆ పట్టిక ఇంకా నా లాప్‌టాప్‌లో ఉంది. పద్నాలుగో వరుసలో 'సురక్షితం' అనే ఉంది. దిద్దుదామని తెరిచినప్పుడల్లా ఆ గడులు గీసిన కుర్రాడిని చూసి నవ్వొస్తుంది. అన్ని గడులు గీశాడు, 'ఎవరి వల్ల' అన్న గడి ఒక్కటి మాత్రం గీయలేదు.