మిత్రరాజ్యంలో పెద్దిరాజు దండు

పెద్దిరాజుకు ఒకటే జబ్బు. తన సామాను తన గదిలో ఉంచుకోడు. ఎవరితో స్నేహం కుదిరితే వాళ్ల గదిలో ఏదో ఒకటి దింపేసి, "మిత్రరాజ్యంలో ఇది మా దండు. జాగర్త" అంటాడు. అలా 2004 ఏప్రిల్ నాటికి ఢిల్లీలో సివిల్స్‌కు చదివేవాళ్లుండే బేర్ సరాయ్‌లో సాయిచరణ్ గదిలో పెద్దిరాజు కుక్కరూ, అర్జున్ గదిలో ఇస్త్రీపెట్టె, దశరథ్ గదిలో కూలరూ కాపలా కాస్తున్నాయి.

సివిల్స్‌లో నాలుగు ప్రయత్నాలూ అయిపోయినవాడు మర్యాదగా ఊరికి పోవాలి. పెద్దిరాజు పోలేదు. భీమవరం యాస చెక్కుచెదరకుండా, ఓ పుస్తకాల కొట్టుకు ప్రూఫులు దిద్దుతూ అక్కడే ఉండిపోయాడు. రోజుకు రెండుసార్లు తనిఖీకి వచ్చేవాడు.

"ఏరా దశరథూ, దండు క్షేమమేనా? నీళ్లు పోశావా?"

"పోసిన్నే రాజన్నా."

"గుర్రాలకి గడ్డి మార్చావా?"

కూలర్‌లో ఉండేది వట్టివేళ్ల గడ్డి. దాన్ని గుర్రాలకు వేసే గడ్డి లెక్కన మాట్లాడితే చదువుకునేవాడికి ఒళ్లు మండదా? కానీ ఆ ఎండల్లో చల్లగాలి వదులుకోలేక, దశరథ్ కక్కలేక మింగలేక ఊరుకునేవాడు.

దశరథ్‌ది వరంగల్. ఇది అతని నాలుగో ప్రయత్నం, ఆఖరిది. పోయినసారి ఇంటర్వ్యూలోనే పోయింది. ఈసారి ఇంటర్వ్యూ ఇంకో వారంలో ఉంది. ఇదీ పోతే ఇరవై తొమ్మిదేళ్ల వయసులో అతని దగ్గర మిగిలేది నోట్సు కట్టలే. రాత్రుళ్లు నిద్ర పట్టడం ఎప్పుడో మానేసింది.

ఆ రోజు కోచింగ్‌లో నమూనా ఇంటర్వ్యూ పెట్టారు.

"మిత్రదేశంలో మన సైన్యాన్ని ఉంచవచ్చా?"

"ఉంచవచ్చు సర్."

"మరి ఉంచుకున్న దేశం బాధ్యత ఏమిటి?"

దశరథ్ బుర్రలో చదివిందంతా ఆవిరైపోయింది. నెల్లాళ్లుగా చెవిలో పడ్డదే నోట్లోంచి వచ్చింది.

"రోజుకు రెండుసార్లు నీళ్లు పోయాలి సర్."

ప్రశ్నలడిగేవాళ్లు కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. అసలే గుండె జారి ఉన్నవాడికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటైంది. ఇక ఇంటర్వ్యూకి పోవడం దండగ, రైలెక్కి ఇంటికి పోవడమే అనుకున్నాడు. ముందు ఈ దండును దాని రాజు మొహాన కొట్టాలి. కూలర్‌లో నీళ్లు ఒంపేసి, భుజాన ఎత్తుకుని, నాలుగంతస్తుల పైన పెద్దిరాజు గదికి తిట్టుకుంటూ ఎక్కాడు. ఇన్నాళ్లలో మిత్రరాజ్యాల నుంచి ఆ రాజధానికి వెళ్లినవాడు అతనొక్కడే.

రేకుల గది కొలిమిలా ఉంది. అందులో ఓ చాప, ఓ కుండ, ప్రూఫుల కట్ట. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని పెద్దిరాజు తప్పులు దిద్దుతున్నాడు.

"ఇంత ఉడుకుల నువ్వుండి, కూలర్ నా గదిల ఎందుకు పెట్టినవే?"

పెద్దిరాజు దొంగతనం బయటపడ్డవాడిలా తల గోక్కున్నాడు. "ఏం చెయ్యమంటావురా? ఇస్తానంటే మీరు పుచ్చుకోరు. 'మాకున్నయన్నా' అంటారు. దండు దింపాననుకో, తిట్టుకుంటానే వాడుకుంటారు."

దశరథ్‌కు చచ్చేంత సిగ్గేసింది. చాప మీద కూలబడి నీళ్లు పోసిన జవాబు సంగతి చెప్పాడు. పెద్దిరాజు తువ్వాలు జారిపోయేదాకా నవ్వాడు.

"నవ్వుడు గాదన్నా. నిజంగ గదే అడిగితే ఏం జెప్పాలె?"

"పిలిస్తే ఉండాలి, పొమ్మంటే పోవాలి అని చెప్పు. ఆ రెండోది నాకు చాతకాదనుకో. నాలుగు ప్రయత్నాలూ పోయినా ఇక్కడే ఉండిపోయాను, చూస్తున్నావుగా."

దశరథ్ లేచి కూలర్ ఒక పక్క పట్టుకున్నాడు. "నడువన్నా. దండొక్కటే సాలదు. దళపతి గూడ మా గదిల దిగాలె."

"అలా కుదరదురా, అది ఆక్రమణ అవుద్ది. గడువు చెప్పు. ఎప్పుడు ఖాళీ చెయ్యాలి?"

"నేను ఇంటర్వ్యూకి పోయొచ్చినంక."

పెద్దిరాజు చాప చుట్టి చంకన పెట్టుకుని, కూలర్‌కు రెండో పక్క పట్టాడు.