గ్రాఫు ఎవరి పాఠం

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు అద్దంకి నుంచి వచ్చింది. అక్కడి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అన్నం తింటూ తింటూ ఆగి, "పెద్దమ్మా, సాంద్రత చెబుతుంటే పిల్లలకి ఘనపరిమాణం కట్టడం రావట్లేదు. లెక్కల సార్ని అడిగితే ఆ పాఠం ఫిబ్రవరిలో గాని రాదన్నారు. ఇప్పుడు నేను సైన్సు చెప్పనా, లెక్కలు చెప్పనా?" అంది, గోంగూర ముద్ద చేతిలోనే పట్టుకుని. నాకు నవ్వొచ్చింది. దాని బాధ చూసి కాదు, ఆ వయసులో నేను అడగని ప్రశ్న అది అడిగినందుకు. నేను అడగడానికి పదకొండేళ్ళు పట్టింది.

అప్పుడు నేను ప్రత్తిపాడు దాటాక ఒక ఊరి హైస్కూల్లో పనిచేసేదాన్ని. బడి చుట్టూ మూడు వైపులా మిరపచేలు, నాలుగో వైపు పత్తి. జనవరి వచ్చిందంటే గాలిలోనే ఘాటుండేది. ప్రార్థనలో సగంమంది తుమ్ముతుంటే ప్రతిజ్ఞ పూర్తయ్యేది కాదు. తుమ్మనిది మా లెక్కల మాస్టారు ఒక్కరే. ఆయన సర్వీసు ముప్పై ఏళ్ళు. తెల్ల చొక్కా జేబులో తన సొంత సుద్దముక్కలు డబ్బాలో పెట్టుకుని వచ్చేవారు, గవర్నమెంటు సుద్ద అరుగుతుంది గాని రాయదని ఆయన నమ్మకం. సిలబస్ క్రిస్మస్ సెలవులకల్లా పూర్తి చేసేవారు. పిల్లలకి ఆయనంటే భయం, మాకు గౌరవం కలిసిన భయం. ఆయన క్లాసులో ఏం జరుగుతుందో ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. నా క్లాసు సంగతి నన్నెవరూ అడగలేదు. అదే మర్యాద అనుకునేవాళ్ళం.

అక్కడ నా పదకొండో ఏడు, క్వార్టర్లీ పరీక్షలో తొమ్మిదో తరగతికి దూరం–కాలం గ్రాఫు ఇచ్చారు. సగంమంది ఆ ప్రశ్న జోలికే పోలేదు. గీసినవాళ్ళలో ఒక పిల్ల గ్రాఫు చూసి నా కళ్ళు తిరిగాయి. అయిదు తర్వాత పది, పది తర్వాత యాభై, అన్నీ ఒకే దూరంలో పెట్టింది. వాళ్ళమ్మ మిరప కోతలకీ పత్తి తీతకీ వెళ్ళే కూలీ. పిల్ల చురుకైనదే. పిలిచి, "ఇదేంటే?" అన్నాను. "పేజీలో పట్టలేదు మేడం. పట్టేట్టు సర్దాను" అంది, తప్పేం చేశానన్నట్టు.

ఆ పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకి వెళ్ళి మాస్టారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "గ్రాఫు మీదే కదమ్మా. నేను బిందువులు పెట్టడం చెబుతాను. కిలోమీటర్లు, గంటలు నా పుస్తకంలో లేవు" అన్నారు. "అదయినా ఆగస్టు నెలాఖరుకి గాని మొదలుపెట్టను. మీరు జూలైలోనే చెప్పేస్తే ఎట్లా?"

"మరి ఏ గడికి ఎంతో ఆ స్కేలు లెక్క ఎవరు చెప్పినట్టు, మాస్టారూ?"

సోషల్ మేడం దిద్దుతున్న పేపర్ల లోంచి తలెత్తి, "నా పుస్తకంలో గీసేసిన గ్రాఫులుంటాయండి. నేను చూపిస్తానంతే. గీయడం మీరిద్దరూ చెబుతారనుకున్నాను" అంది.

గ్రాఫుని ముగ్గురం పాఠంగా చెబుతున్నామనుకున్నాం. స్కేలు మాత్రం ఏళ్ళ తరబడి ఒక్కళ్ళమూ చెప్పలేదు. ఆ పిల్ల పేపరు మీద నేను వేసిన సున్నా నా చేతిరాతలోనే నన్ను చూస్తోంది.

హెడ్మాస్టారు మంచిమనిషి. విషయం విని ప్రతి శనివారం ఆఖరి రెండు పీరియడ్లు మాకిచ్చి పిల్లల్ని ఆటలకి వదిలారు. లైబ్రరీ గదిలో పాత క్యాలెండర్లు తిరగేసి నేలమీద పరిచాం. ఒక్కో నెలకి ఒక్కో కాగితం. ఎవరు ఆ నెలలో ఏం చెబుతారో, దానికి పిల్లలకి ముందే ఏం వచ్చి ఉండాలో వాళ్ళ వాళ్ళ రంగు పెన్నుతో రాయాలి. మొదటి రెండు శనివారాలు మాస్టారు రాలేదు. "ఎవరి పాఠం వాళ్ళదమ్మా. ముప్పై ఏళ్ళ వరస ఇది" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన లేకుండా రాసిన కాగితాలు పళ్ళూడిన దువ్వెనలా ఉన్నాయి.

మూడో శనివారం, మేం ఏం రాశామో చూస్తానని ఆయనే వచ్చారు, చేతిలో అట్ట చిరిగిన డైరీతో. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కింద కూర్చుని, జనవరి, ఫిబ్రవరి కాగితాలు దగ్గరికి లాక్కుని చదివారు. "మీరంతా బరువైన పాఠాలు ఇక్కడ పెట్టుకున్నారు. ఈ రెండు నెలలూ మూడోవంతు పిల్లలు చేలల్లో ఉంటారు. అప్పుడు చెప్పింది గాలికి చెప్పినట్టే. నేను క్రిస్మస్‌కి పూర్తి చేసేది గొప్పకనుకున్నారా?" అన్నారు. మేం అలాగే అనుకున్నాం. పదకొండేళ్ళు పక్క కుర్చీలో కూర్చుని ఆ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ రోజు నుంచి పని మారిపోయింది. కోతల నెలల్లోంచి ముఖ్యమైన పాఠాలు తీసి ముందుకు జరిపాం. ఒకే సంగతి ఇద్దరు చెబుతుంటే ఒకరు మానుకున్నాం, మిగిలిన పీరియడ్లు వెనకబడ్డవాళ్ళకి ఇచ్చాం. గ్రాఫు దగ్గర మాత్రం బండి ఆగింది. నా చలన పాఠం వెనక్కి జరపడానికి లేదు, క్వార్టర్లీ ప్రశ్నపత్రం జిల్లా అంతటికీ ఒకటే. మాస్టారు డైరీ మూసి, కిటికీలోంచి పత్తిచేను వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, "సరే. వచ్చే జూన్‌లో నేనే ముందు మొదలుపెడతాను. స్కేలు నేను చెబుతాను, మీరు వాడించండి. ఈ ఏటి పిల్లలకి డిసెంబరులోపే మళ్ళీ చెబుదాం" అన్నారు. ఆ తర్వాతి వారం నా క్లాసుకి వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. పాఠం అయ్యాక, "మీరు చెప్పాక గాని ఆ గీత ఎందుకు వంగుతుందో నాకు తట్టలేదమ్మా" అన్నారు. ఇంకెవరి మెచ్చుకోలూ నాకంత గుర్తులేదు.

జనవరిలో హెడ్మాస్టారు ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని కోతలకి పంపొద్దని బతిమాలారు. కొందరు ఆగారు, ఆ పిల్ల ఆగలేదు. వాళ్ళమ్మ ఒక్కదాని కూలితో గడవదు. వెళ్ళేవాళ్ళ చేతిలో మాస్టారు తలా ఒక గ్రాఫు కాగితం పెట్టి, "రోజూ ఏదో ఒకటి కొలిచి దీనిమీద గీసుకురండి" అన్నారు.

మార్చిలో ఆ పిల్ల తిరిగొచ్చింది. కాగితం మడతల్లో మిరపపొడి, అంచుల్లో ఎర్రటి వేలిముద్రలు. కళ్ళంలో ఆరబోసిన కాయల్లోంచి ఒక బుట్టెడు విడిగా పెట్టుకుని, రోజూ సాయంత్రం కాటా మీద తూచి గీసిందట. మాస్టారు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకున్నారు.

"స్కేలు ఎంత తీసుకున్నావమ్మా?"

"గడికి పావు కిలో సార్. పచ్చికాయ బరువు పేజీలో పట్టుద్దో లేదో ముందే చూసుకున్నా."

"ఈ గీత ఇక్కడ ఎందుకు పడుకుంది?" అన్నాను నేను.

"మొదట్లో నీళ్ళు దబదబా పోయినయ్ మేడం. తర్వాత పోయేదానికి నీళ్ళు లేవుగా."

మాస్టారు జేబులోంచి డబ్బా తీసి, తన సొంత సుద్దముక్క ఆ పిల్లకిచ్చి బోర్డు వైపు చూపించారు. అది తన గ్రాఫుని బోర్డు మీద గీసి క్లాసుకి చెబుతుంటే మేమిద్దరం గుమ్మంలో నిలబడి విన్నాం. తర్వాత ఏడాది చుట్టుపక్కల బళ్ళ టీచర్లు మా కాగితాలు చూడ్డానికి వచ్చినప్పుడు చూపించమని మాస్టారు నన్నే ముందుకి తోశారు. "మా బడిలో ఇలా చేశాం" అని అంతమంది ముందు నేను చెప్పినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ పైయేడు మాస్టారు రిటైరయ్యారు, చాలా ఏళ్ళకి నేనూ అయ్యాను. మా చెల్లెలి కూతురికి ఆ ఆదివారం ఇదంతా చెప్పాను. ఎవరి గదిలో వాళ్ళం చెప్పుకున్న సంవత్సరాలన్నీ ఇప్పుడు తలుచుకుంటే ఒక్క రోజులా కలిసిపోయి ఉంటాయి. నేలమీద కూర్చుని గడిపిన ఆ కాసిని శనివారాలు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో ఏడంత పొడుగ్గా గుర్తున్నాయి.