గ్రాండ్ అని రాసిన రోజు

ఫిబ్రవరిలో ఒక సోమవారం, ఉదయం ఆరూ నలభైకి ఐర్లండ్‌లో లీక్స్‌లిప్ అనే ఊరి అవతల కొత్త గోదాము కడుతున్న స్థలంలో దిగాను. మెయ్‌నూత్ నుంచి బస్సు. వాన పైనుంచి కాదు, పక్క నుంచి కొడుతోంది. పసుపు జాకెట్, రేడియో, టార్చి, రిజిస్టర్ ఇచ్చారు. గేటు కాపలా, డ్యూటీ ఏడు నుంచి ఏడు. గేట్లు రెండు, మధ్య రెండు వందల నలభై అడుగులు. నాది మొదటిది. గంటకోసారి రెండో గేటు దాకా వెళ్లి చూసి రావాలి.

అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఫిరంగి దళంలో ఉన్నాను. చదువు తొమ్మిదో తరగతి. గురి లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. భార్య నర్సు ఉద్యోగం కోసం వస్తే వెంట వచ్చాను.

రెండో గేటులో వరంగల్ అతను. నలభై దాటినవాడు, కళ్లద్దాలు, నోరు ఊరుకోదు. అతని క్యాబిన్ కంటైనర్ మీద ఉంది. ఎక్కడానికి తొమ్మిది ఇనుప మెట్లు. చేతికమ్మీకి నాలుగు బోల్టులు ఉండాలి. మూడో రోజు చూస్తే రెండు లేవు, మిగతా రెండూ వదులు.

రేడియోలో చెప్పాను. కంట్రోల్ రూమ్‌లో ఉండే ఐరిష్ సూపర్‌వైజర్ అన్నాడు: "గ్రాండ్."

మర్నాడు ఎవరూ రాలేదు. మళ్లీ చెప్పాను. "గ్రాండ్, గ్రాండ్."

దళంలో కోణం నాలుగు వందల పన్నెండు అని చెబితే, అవతలి నుంచి నాలుగు వందల పన్నెండు అని తిరిగి వినపడాలి. అప్పుడే ఫిరంగి కదులుతుంది. ఇక్కడ ఏం చెప్పినా ఆ ఒక్క మాటే తిరిగొస్తుంది.

"అంటే ఏంటి తమ్ముడూ? గొప్ప అనేగా?"

వరంగల్ అతను పడీపడీ నవ్వాడు. "గొప్ప లేదు, గాడిదగుడ్డు లేదు. సరే అంటే గ్రాండ్. చాయ్ వద్దంటే గ్రాండ్. కాలు ఇరిగినా గ్రాండే. ఇగ నోరు మూసుకో అన్నా గదే. మిలిటరోనివి గదా, లెక్క రాస్కో అన్నా!"

నిజంగానే రాశాను. పదకొండో రోజు సాయంత్రానికి అరవై నాలుగుసార్లు, ఏడు అర్థాలు. 'చేస్తాను' అన్న అర్థం ఒక్కసారీ లేదు. అప్పటికి రోజుకొకటి చొప్పున తొమ్మిది రిపోర్టులు, అన్నీ రేడియోలోనే. ఆ గొంతు వింటేనే నాకు అసహ్యం వేసేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం రెండింటికి గాలీ వానా. నూట ఇరవై అడుగులు నడిచి వెనక్కి తిరిగాను. వెళ్లి చూసినా చెప్పేది అదే, వచ్చే జవాబూ అదే. రిజిస్టర్ తెరిచి, లోపాలు రేడియోలోనే చెప్పాలి గనుక అన్నాళ్లూ ఖాళీగా వదిలిన 'రెండో గేటు మెట్లు' గడిలో ఇంగ్లీషులో రాశాను: గ్రాండ్.

రెండూ ఇరవైకి ఇనుము నేలను కొట్టిన చప్పుడు. పరుగెత్తాను. అతను ఆరో మెట్టు నుంచి బురదలో వెల్లకిలా పడి ఉన్నాడు. కమ్మీ పక్కనే ఉంది. ఎడమ కాలు మోకాలి కింద వంకరగా ఉంది.

రేడియోలో చెప్పి అంబులెన్స్ అడిగాను.

మర్నాడు ఒకడు నాలుగు బోల్టులు తెచ్చి బిగించాడు. చేతిగడియారం చూశాను. పదకొండు నిమిషాలు.

విచారణలో నా రిజిస్టర్ కాపీ బల్ల మీద పెట్టారు. మెట్లు బాగున్నాయని రెండింటికి మొదటి గేటు గార్డే రాశాడు, పడినవాడే చూసుకోకుండా దిగాడు అని కంపెనీవాళ్లు అన్నారు. నా తొమ్మిది రిపోర్టులు ఏ కాగితం మీదా లేవు. ఆ రోజు నేను అక్కడిదాకా వెళ్లలేదని చెప్పాను. సూపర్‌వైజర్ తలూపి, "గ్రాండ్," అని ఫైలు మూశాడు. వాడి మీద కలిగిన అసహ్యం ఆ కాపీలో నా చేతిరాత చూడగానే నా మీదికి మళ్లింది.

నా భార్య ఒప్పందం ముగిశాక అనంతపురం తిరిగొచ్చాం. వరంగల్ అతను అక్కడే ఉన్నాడు, కొంచెం కుంటుతూ. ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటాడు. ఆ మాట నేను నమ్మను.

ఆ రోజు అంబులెన్స్ కోసం ఎదురుచూసింది పంతొమ్మిది నిమిషాలు. నా జాకెట్ తీసి అతని మీద కప్పాను. కళ్లద్దాల మీద వాన చుక్కలు పడుతుంటే తుడుచుకోకుండా నాకేసి చూశాడు.

"అన్నా, ఇయాల గూడ రాసినవా?"

"రాశాను."

"ఏం రాసినవ్?"