అన్న ఆకులో పండుగప్ప

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పక్కింటి అన్న పోయిన వార్త నాకు కంచె మీదుగా తెలిసింది. కంచె అవతలి మనిషి గురించి లోకానికి చెప్పేదేముంది అనిపించింది. "తమ్ముడూ, మీ అన్న లేవట్లేదు" అంది వదిన, చేతిలో టీ కప్పుతో. అంతే.

అన్న ఫిజీలో పుట్టినవాడు. తాతల నాటి తెలుగులో హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నా గుంటూరు తెలుగు ఆయనకు ఓ పట్టాన అందేది కాదు. "అరే భయ్యా, ఆగి చెప్పు. రేకుల మీద వాన పడ్డట్టు మాట్లాడతావ్" అనేవాడు. మాకిద్దరికీ కుదిరింది చేపల దగ్గరే.

మాది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరపు కొస. పైన కొండ మీద పెద్ద సరస్సు ఉంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి ఇంకా నీళ్లలో మోడులై నిలబడే ఉంది. ఎండలు ముదిరి, వానలు ఇంకా దిగని ఆ కొద్ది వారాలు బారమండి మంచి ఆకలి మీద ఉంటుంది. బారమండి అంటే మన పండుగప్పే. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో చేపల కొట్లో దాని మొహం చూసి నేనే గుర్తుపట్టాను. ఆ సంబరంలో బస్సు తప్పిపోయి ఎండలో ఇంటికి నడిచాను, అది వేరే కథ.

అన్న పడవలో నా ఉద్యోగం భయపడటం. నాకు ఈత రాదు. గాలి తిరిగినా, మబ్బు లేచినా, పడవ అడుగు మోడుకు రాసుకున్నా "అన్నా, పోదాం" అనేవాణ్ణి. ఆయన విసుక్కోకుండా గాలం చుట్టేసేవాడు. "పడవలో ఒకడు పిరికోడు ఉండాల భయ్యా. ఇద్దరం షేర్లం, పులులం అయితే పడవ ఇంటికి తెచ్చేదెవరు?" అనేవాడు.

అన్న ఆ సరస్సు చేప తప్ప కొట్టు చేప ముట్టేవాడు కాదు. ఇక్కడ పెద్దకర్మ కూడా సెలవు చూసుకునే వస్తుంది కాబట్టి ఆదివారం పెట్టారు. శుక్రవారం వదిన పడవ తాళం నా చేతిలో పెట్టింది.

"ఆయనకి ఇష్టమైంది ఆకులో పెట్టాల కదా."

"వదినా, నాకు ఈత..."

"ఈత కొట్టమన్నానా? చేప తెమ్మన్నా."

పెర్త్ నుంచి వచ్చిన వాళ్ల కూతురు, "అంకుల్, జస్ట్ బై వన్. డాడ్ వోంట్ నో" అంది.

"ఆయనకి తెలవకుంటే ఇంకెవరికి తెలుస్తది?" అంది వదిన.

శనివారం లైఫ్ జాకెట్ ఇంట్లోనే తొడుక్కుని బయల్దేరాను. పొద్దుటి నుంచి గాలం తీగ కదల్లేదు. మధ్యాహ్నానికి కొండ వెనక ఆకాశం నల్లబడింది. "పోదాం" అనడానికి పడవలో మనిషి లేడు. వానలు పట్టుకుంటే ఇక ఆదివారానికి చేప లేనట్టే. గాలం అలాగే పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు చేప పడింది. ఎలాగో లాగి పడవలో వేశాను.

అన్న ప్రతి చేపనూ కొలత గీతల చాప మీద పడుకోబెట్టేవాడు. చట్టం చెప్పిన కొలతకు వేలెడు తక్కువైనా "మల్లీ సీజన్‌కి రా, భోజనానికి" అని నీళ్లలో వదిలేసేవాడు. ఇది రెండు వేళ్లు తక్కువుంది. చుట్టూ మోడులు తప్ప ఎవరూ లేరు. తోక సాగదీసి మళ్లీ కొలిచాను. అప్పుడూ రెండు వేళ్లే. ఉరుము దగ్గరైంది. దాన్ని నీళ్లలోకి దించి, తోక ఆడేదాకా పట్టుకుని, వదిలేశాను. ఒడ్డు చేరేసరికి వాన ముంచేసింది.

"దొరకలేదా?" అంది వదిన.

"దొరికింది. పొట్టిది."

"ఎంత పొట్టి?"

"రెండు వేళ్లు."

ఆమె నా తడిసిన చెప్పుల వైపు చూసింది. తర్వాత ఫ్రిజ్ తెరిచి ఏమున్నాయో చూసింది.

ఆదివారం వాన కాస్త తెరిపిచ్చింది. వదిన వంకాయ కూర వండింది. పెరట్లో ఆకు పెట్టి మేమందరం దూరంగా నిలబడ్డాం. ముందుగా పొదల్లోంచి అడవి టర్కీ కోడి ఒకటి వస్తే కూతురు దాన్ని తోలింది. కాకి బట్టలారేసే తీగ మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత దిగి, అన్నం కెలికి, ఒక వంకాయ ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.