లివరీ పెయింటర్

ఖతర్ రాకముందు నేను జగిత్యాల దగ్గర దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక అందరూ పిలవడం మానేశారు. అప్పుడు ఖతర్ వచ్చి ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో బస్సులకు రంగులేసే ఒక షెడ్డులో స్ప్రే పెయింటర్‌గా చేరాను. మా ఊరివాళ్ల లెక్కలో మాత్రం నేను దుబాయ్ పోయినవాణ్ణే.

రెండో ఏడాది ఒక పొద్దున మా ఫోర్‌మన్, నేపాలీ మనిషి, నా చేతిలో జాబ్ కార్డు పెట్టి వేరే పని మీద పోయాడు. కార్డులో ఒక స్కూలు బస్సు నంబరు, దాని ఎదురుగా ఇంగ్లీషులో ఒకే మాట: లివరీ. ఆ మాట నేనెన్నడూ వినలేదు. డెలివరీ అని రాయబోయి ముందు రెండక్షరాలు మరిచిపోయాడనుకున్నాను. తెల్ల రంగు వేసి అప్పటికే రెండు రోజులైంది, ఆరిపోయింది. కడిగించి, అద్దాలు తుడిపించి గేటు దగ్గర పెట్టించాను. డ్రైవరొచ్చి తోలుకుపోయాడు.

మధ్యాహ్నం కాకముందే అదే బస్సు తిరిగొచ్చింది. వెనకాలే వచ్చిన కారులోంచి బస్సుల కంపెనీ ఇంజినీరు దిగింది. ఆమె చేతిలో డ్రాయింగు కాగితం. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి హిందీలో అందరి మీదా అరవడం మొదలుపెట్టాడు.

"ఎవరు పంపారు?" అందామె.

నేను ముందుకు జరిగాను. హిందీలో చెప్పబోయి, భయానికి నోట తెలుగే వచ్చింది. "నేనే మేడం. డెలివరీ అనుకున్న."

ఆమె ముఖం మారింది. "తెలుగువారా? మాది కాకినాడండి." కాగితం నా ముందు పరిచింది. బస్సు పక్కన మెరూన్ రంగు పట్టీ అలలా లేచి, దాని మీద అరబ్బీలో, ఇంగ్లీషులో కంపెనీ పేరు ఉంది. "దీన్నే లివరీ అంటారు. మా బస్సులన్నీ ఇలాగే ఉంటాయి. కానీ మీరు మరీ తప్పేం అనుకోలేదు. లివరీ, డెలివరీ, రెండూ ఒక్క మాటలోంచే పుట్టాయి. ఇవ్వడం, అప్పగించడం అని."

"బస్సు రంగుకు ఇచ్చుడేంది మేడం?"

"పూర్వం ఇంగ్లండులో దొరలు తమ దగ్గర పనిచేసేవాళ్లకి తిండీ బట్టా ఇచ్చేవాళ్లు. గుర్రాలకి మేత కూడా. అలా ఇచ్చిందంతా లివరీయే. రానురాను బట్టలకే ఆ పేరు నిలిచింది. ఆ బట్టల రంగు చూస్తే ఎవరి మనిషో తెలిసేది. ఇప్పుడు బస్సు రంగు చూస్తే ఎవరి బస్సో తెలుస్తుంది."

నేను నా నీలం డ్రెస్సు వైపు చూసుకున్నాను. జేబు మీద మా కంపెనీ గుర్తు. డ్రెస్సు, బర్వా అల్ బరాహా కార్మికుల క్వార్టర్లలో గది, మెస్సులో తిండి, అన్నీ వాళ్లిచ్చినవే. నవ్వొచ్చింది కానీ నవ్వే సమయం కాదు. ఆ బస్సు మర్నాడు పిల్లల్ని ఎక్కించుకోవాలి. ఆ పట్టీ, పేరు స్టిక్కర్లుగా అంటించేవాళ్లు ఇక రెండు రోజులదాకా రాలేమన్నారు.

"బ్రష్‌తోని నేను రాస్త మేడం," అన్నాను.

"మాఫీ, మాఫీ!" ఫోర్‌మన్ చేతులూపాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు, కుదరదు అని.

ఆమె నన్నే చూసింది. "రాయగలరా?"

"పన్నెండేండ్లు గదే పని చేసిన."

దారం పట్టి గీత కొట్టుకున్నాను. అంచులకు టేపు అంటించి పట్టీని స్ప్రే గన్‌తో కొట్టాను. అక్షరాలకు మాత్రం సన్న బ్రష్ అందుకున్నాను. ఇంగ్లీషు సులువుగానే వచ్చింది. అరబ్బీ నాకు ఒక్క ముక్క రాదు. బొమ్మ గీసినట్టు, ప్రతి వంపూ కొలిచి, చుక్కలు లెక్కపెట్టి కుడి నుంచి ఎడమకు దించాను. ఇన్నాళ్ల తర్వాత బ్రష్ పట్టినా గీత ఎక్కడా తప్పలేదు. నేనే ఆశ్చర్యపోయాను.

పొద్దు వాలే వేళ అసర్ నమాజుకు బయల్దేరిన సూడానీ ఎలక్ట్రీషియన్ బస్సు ముందు ఆగాడు. అరబ్బీ చదవడం రాని నా ముందు ఆ పేరును పైకి, స్పష్టంగా చదివాడు. తర్వాత నా భుజం తట్టి "మాషా అల్లా" అన్నాడు. నా రాత ఇంకో మనిషి నోట మాటై వినపడింది. ఒళ్లు పులకరించింది.

సాయంత్రం మేడం స్టిక్కర్లు అంటించిన బస్సొకటి తెప్పించి దీని పక్కన పెట్టించింది. టేపు పట్టి కొలిచింది, నాలుగడుగులు వెనక్కి నడిచి చూసింది. "ఏది స్టిక్కరో, ఏది చేతిరాతో నాకే తెలియడం లేదండి," అంది. ఫోర్‌మన్ నాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు.

తర్వాత కొన్ని నెలలకు నా కంపెనీ గుర్తింపు కార్డు మీద హోదా మారింది: లివరీ పెయింటర్. ఫోన్‌లో చెప్తే మా ఆవిడ, "గదేం పనయ్యా?" అంది. ఆమెకు బస్సు ఫొటో పంపాను. "నువ్వే రాసినవా? నిజంగనే?" అని రెండుసార్లు అడిగింది.

ఆ శుక్రవారం కట్టడాల సైట్లలో పనిచేసే మా గదివాళ్లు తమ పసుపు హెల్మెట్లు పట్టుకుని నా మంచం చుట్టూ చేరారు. "అన్నా, హెల్మెట్ బయటి దిక్కు కంపెనీ గుర్తే ఉన్నది, లోపటి దిక్కు నా పేరు రాయి. తెలుగుల రాయి," అన్నాడు ఒకతను. ఒక్కొక్కరి పేరూ అడిగి, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా రాసిచ్చాను.